మొదటి నొక్కుకే

మా అక్క కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. ఎవరి మిషన్ మొరాయించినా మా వీధిలో పిలుపు ఆమెకే. మూత విప్పేముందు చెవి దగ్గర పెట్టి, చక్రం ఒక చుట్టు తిప్పి వింటుంది. రోగం ఎక్కడుందో అప్పటికే సగం తెలిసిపోతుంది. అటువంటి మనిషి ఉన్నట్టుండి నాలుగు చక్రాల బండి చేస్తానని ఇనప గొట్టాలు తెచ్చి ఇంటిముందు పడేసినప్పుడు వీధి వీధంతా నవ్వుకుంది. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆ బండి మా బావ కోసం.

బావ సరుకుల వ్యాను నడిపేవాడు. ఒకరోజు వాలులో దిగుతూ బ్రేకు తొక్కితే, పెడల్ వెన్నలో దిగినట్టు లోపలికి పోయింది. రెండోసారి తొక్కేసరికి కూడలి మీదికొచ్చేసింది. జనంలోకి పోనివ్వకుండా వ్యానుని గోడకేసి కొట్టాడు. జనానికి ఏమీ కాలేదు. బావ కుడికాలు మాత్రం చచ్చుబడిపోయింది. ఆపైన వరండాలో కుర్చీ, పక్కన చేతికర్ర, అంతే ఆయన లోకం. ఎవరైనా బండిలో తీసుకెళ్తామన్నా ఎక్కేవాడు కాదు. లోకంలో సంగతులన్నీ మాట్లాడేవాడు గానీ బండి మాట వస్తే చాలు, పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకునేవాడు.

అక్క వాదించలేదు, బతిమాలలేదు. పాత స్కూటర్ ఇంజను ఒకటి సంపాదించింది. ఇద్దరు కూర్చునే సీటు కుట్టింది. కాలితో పనిలేకుండా అన్నీ చేతికి అందేలా అమర్చింది. ఇక బ్రేకు. తుక్కుకొట్టంతా గాలించి, ముందు చక్రానికి రెండు డిస్కులున్న పెద్ద బైకు బ్రేకులు తెచ్చింది. లివరు నొక్కితే దాని పక్కనున్న గిన్నెలోని బ్రేకాయిలు పైపుల వెంట తోసుకుపోయి, ముందు చక్రాల్లో ఒక్కోదాని దగ్గరున్న కాలిపర్‌ని బిగిస్తుంది. అది దవడలా, చక్రంతో పాటు తిరిగే డిస్కుని కరుచుకుంటుంది. వినడానికి ఇంతే. పైపుల్లో కాస్త గాలి మిగిలిందంటే మాత్రం, నొక్కిన నొక్కంతా ఆ గాలే మింగేస్తుంది.

గాలి తియ్యడానికి ఇద్దరు కావాలి. ఆదివారం నాకు ప్రెస్సులో సెలవు కాబట్టి నేను దొరికిపోయాను.

"నొక్కు."

"నొక్కాను."

"పట్టుకో. నేను చెప్పేదాకా వదలకు."

అక్క చక్రం పక్కన చతికిలబడి కాలిపర్‌కున్న చిన్న మర వదులు చేసేది. దానికి తొడిగిన సన్నటి పైపులోంచి ఆయిలు సీసాలోకి దిగేది. మర బిగించాకే నేను లివరు వదలాలి. ముందే వదిలితే గాలిని మళ్ళీ లోపలికి పీల్చేస్తుంది. ఒకసారి దోమ కుట్టి వదిలేశాను.

"దోమ చచ్చిందా?" అంది అక్క తలెత్తకుండా.

"చచ్చింది."

"సంతోషం. మళ్ళీ మొదట్నించీ కానివ్వు."

ఆయిలు బొట్టు పడినచోటల్లా బండికి వేసిన నీలం రంగు పొక్కులు కట్టి లేచిపోతోంది. తడిగుడ్డతో తుడుస్తూనే ఉంది. చివరికి పైపులో ఒక్క బుడగ కూడా కనబడలేదు. అయినా లివరు పిండిముద్దలాగే ఉంది. రెండోసారి నొక్కితే గట్టిపడేది. మొదటిసారి మాత్రం మెత్తగా వచ్చి హ్యాండిల్‌కి ఆనేది.

ఎదురింటి బైకు మెకానిక్ వచ్చి చూశాడు. ఏది చూపించినా పర్లేదంటాడని ఆయన్ని అందరూ పర్లేదు మేస్త్రి అంటారు.

"పర్లేదు చెల్లెమ్మా. టకటకా రెండుసార్లు కొట్టి పట్టుకుంటే ఏనుగైనా ఆగుతుంది. సగం బండ్లు అలాగే తిరుగుతున్నాయి."

"తిరుగుతాయన్నా. ఈయన రెండోసారి నొక్కడు."

"నొక్కకేం చేస్తాడు?"

"దిగిపోతాడు. మళ్ళీ జన్మలో ఎక్కడు. మొదటి నొక్కుకే పట్టాలి."

వరండాలో బావ కుర్చీ కిర్రుమంది. మేస్త్రి అటు చూసి, మా అరుగు మీదే కూలబడ్డాడు.

అక్క చక్రం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నన్ను మెల్లగా నొక్కమంటుంది, వదలమంటుంది. పైపుని వేళ్ళతో తడుముతుంది, కాలిపర్‌ని స్పానర్‌తో తట్టి వింటుంది. నా చెయ్యి తిమ్మిరెక్కింది. నేనైతే అప్పటికి మేస్త్రి మాటే ఖాయం చేసేవాణ్ణి. ఆమె మొహంలో విసుగన్నది లేదు. అలిగిన పిల్లాడి నోటి నుంచి మాట రాబట్టే ఓపికతో చూస్తోంది. చూసి చూసి, నెత్తిన చెయ్యి పెట్టుకుని నవ్వడం మొదలెట్టింది.

"ఒరేయ్ తమ్ముడూ, దీన్ని కుట్టుమిషన్ అనుకున్నానురా."

"అంటే?"

"మిషన్లో నూనె పైన పోస్తే కిందికి కారుతుందా. అదే బుర్రలో పెట్టుకుని ఈ మర కిందివైపు వచ్చేలా బిగించాను. బాగా కారుతుందని మురిసిపోయాను కూడా. పోవాల్సింది ఆయిలు కాదు కదరా, గాలి. గాలెక్కడుంటుంది?"

"పైన."

"మరి నేను తలుపెక్కడ పెట్టాను?"

మేస్త్రి అరుగు మీంచి ముందుకి వంగి చూశాడు. అంతసేపూ ఆ మర ఆయన కళ్ళ ముందే ఉంది.

తన పొరపాటుని అక్క గుట్టుగా సర్దేసుకోవచ్చు, అడిగేవాళ్ళెవరూ లేరు. గొంతు పెంచి మరీ చెప్పింది. ఆ మాటలు నాకోసం కావని నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. లోపల ఏముందో తెలియని బండి మీద బావ కూర్చోడు. అందుకే తప్పుతో సహా ఆయనకి వినిపిస్తోంది.

వరండాలోంచి మాట వచ్చింది. "కుడిదాన్ని ఎడమకీ ఎడమదాన్ని కుడికీ మార్చు. మర పైకొస్తుంది."

"అదే చేస్తున్నా," అంది అక్క, అటు చూడకుండా. కానీ ఆమె చేతిలో స్పానరు ఒక్క క్షణం ఆగింది.

కాలిపర్లు మార్చి బిగించేసరికి చేతికర్ర చప్పుడు మా దగ్గరికొచ్చింది.

"లేవయ్యా బావమరిదీ. నీకు దోమలెక్కువ."

నేను లేచాను. బావ సీటులోకి జారి కూర్చుని లివరు మీద వేళ్ళు వేశాడు. అక్క మర మీద స్పానరు పెట్టింది.

"నొక్కండి."

"ఊఁ."

"పట్టుకోండి."

మర తిప్పగానే సన్నటి పైపులో బుడగలు చేపపిల్లల్లా గుంపుగా పరిగెత్తాయి. మళ్ళీ నొక్కు, మళ్ళీ పట్టు. మొగుడూ పెళ్ళాల మధ్య ఇక ఆ రెండు మాటలే. అవతలి చక్రం దగ్గరికి వచ్చేసరికి ఆ మాటలూ అక్కర్లేకపోయాయి. ఆమె మర మీద చెయ్యి వేస్తే ఆయన నొక్కేవాడు, తీస్తే వదిలేవాడు. కడపటి బుడగ పోయాక బావ లివరు నొక్కాడు. అది కొద్దిగా కదిలి రాయిలా నిలిచిపోయింది. వదిలాడు. నొక్కాడు. కళ్ళు మూసుకుని నొక్కాడు.

"ఇంజను స్టార్ట్ చెయ్యి," అన్నాడు.

మా వీధి కూడలి దాకా వాలే. ఒక్కడే బయల్దేరాడు. నాలుగిళ్ళు దాటాక, అడ్డంగా కోడిపిల్ల కూడా లేని చోట, టక్కున ఆపాడు. బండి మేకు దిగినట్టు నిలబడింది. వదిలాడు, జారనిచ్చాడు, మళ్ళీ ఆపాడు. ఈసారి ఇంకా వేగంలోంచి. మేస్త్రి అరుగు దిగి రోడ్డు మధ్యకి వెళ్ళి నిలబడి చూశాడు. పర్లేదని మాత్రం అనలేదు. అక్క బావ వైపు చూడటం లేదు. నడుం వంచి చక్రాలనే చూస్తోంది, రెండూ ఒక్కసారే పడుతున్నాయా లేదా అని.

కూడలి అంచున బావ ఆగాడు. అక్కడినుంచి మెడ బలవంతాన వెనక్కి తిప్పి కేకేశాడు.

"ఏమే, దీనికి అద్దమేది? వెనకొచ్చేవాడు నాకెలా కనపడతాడనుకున్నావు?"

"డ్రైవర్లకి ఎంత చేసిపెట్టినా ఏదో వంక," అని అక్క తడిగుడ్డతో చేతులు తుడుచుకుంది. కళ్ళూ దాంతోనే తుడుచుకోబోయి, ఆయిలు గుర్తొచ్చి మానేసింది. బీరువా అద్దం విప్పడానికి స్క్రూడ్రైవరు పట్టుకుని ఇంట్లోకి వెళ్ళింది.