కడుపు మీది తువ్వాలు

ఆస్పత్రి బట్టలు ఉతికే చోట బాయిలరు చూసే పని నాది. ఆవిరి ఎంత ఉందో మీటరు ముల్లు చూసుకుంటూ కూర్చోవడమే. నోటికి పని తక్కువ, కంటికి ఎక్కువ.

ఇస్త్రీ బల్ల దగ్గరికి కొత్తమ్మాయి వచ్చి ఆరు రోజులైంది. ఆ రోజు పొద్దున్నుంచీ బల్లకు ఆనుకునే నిలబడింది. పెదవి పళ్ళ కింద నొక్కిపెట్టింది. పక్కన మడతలు పెట్టే పెద్దక్క ఓరకంట చూసింది.

"నెలసరా?"

"ఊఁ. మొదటి రోజు ప్రాణం తీస్తుందక్కా."

"మాత్ర?"

"ఇంట్లో మరిచొచ్చా."

"తలకాయ మరవకుండా తెచ్చుకున్నావు, అదే సంతోషం."

పెద్దక్క అప్పుడే ఇస్త్రీ అయిన తువ్వాలు నాలుగు మడతలు వేసి అందించింది. "కడుపు దగ్గర చొక్కా మీద పెట్టి పైన అప్రాన్ బిగించు. చల్లారితే మళ్ళీ ఇస్త్రీ చేసి దొంతిలో పడెయ్, ఇంకోటి తీసుకో. వ్యాను వచ్చేలోగా అన్నీ దొంతిలో ఉండాలి."

కాసేపటికి పిల్ల నడుం నిటారైంది. నేను ముల్లు వైపు తిరిగాను.

ఉతికిన బట్టలు తీసుకెళ్ళడానికి రోజూ పన్నెండుకు వచ్చే వ్యాను ఆ రోజు పదకొండున్నరకే వచ్చింది. మేస్త్రీ లెక్క మొదలుపెట్టాడు. వెనకాల మేమంతా అతన్ని గద్ద అంటాం. రెండు వందల తువ్వాళ్ళకు ఒకటి తక్కువ. మళ్ళీ లెక్కపెట్టాడు. తక్కువే.

గేటు వేయించాడు. లెక్క తగ్గితే అందరి అప్రాన్లూ విప్పించడం మా దగ్గర పద్ధతి. పోయిన నెల ఒక ముసలాయన దగ్గర దిండు గలీబు దొరికిందని ఆ నిమిషమే బయటికి పంపారు. ఆయన చెప్పేది ఎవరూ వినలేదు.

పెద్దక్క అప్రాన్ విప్పి దులిపింది. "చూసుకో, మంచం కూడా దాచానేమో."

తర్వాత కొత్తమ్మాయి. చేతులు ముడి మీదే ఆగిపోయాయి. విప్పితే పని పోతుంది, విప్పకపోయినా పోతుంది.

నేను ఏదో ఒకటి అనాలి. కానీ ఇంట్లో నా భార్య నెలనెలా గోడ వైపు తిరిగి పడుకుంటే, ఏమైందని ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి అడగని నోరు ఇది.

"ఏమ్మా, నీకే. వినపడలేదా?"

ఆమె తువ్వాలు తీసి అతని చేతిలో పెట్టింది. ఆ వేడికి అతను ఉలిక్కిపడ్డాడు.

"నెలసరి సార్. నొప్పికి కాపడం పెట్టుకున్నా. వ్యాను వేళకొస్తే దొంతిలోనే ఉండేది."

"బాగా అల్లావు కథ."

"నేనే ఇచ్చా" అంది పెద్దక్క.

"నువ్వెప్పుడూ వీళ్ళ వైపేగా!"

నేను లేచాను. "నేను చూశా. పొద్దున్నుంచి అది మూడోది. ముందు రెండూ ఆ దొంతిలోనే ఉన్నాయి."

గద్ద నా వైపు వింతగా చూశాడు. "నీకు మాటలొచ్చా?"

తువ్వాలు దొంతి మీద విసిరాడు. "రేపట్నుంచి దొంతి జోలికి రాకు" అన్నాడు పిల్లతో.

'రేపు' అన్న మాట చెవిన పడగానే, పని పోలేదని పెద్దక్క ఊపిరి వదిలింది.

వ్యాను వెళ్ళాక కొత్తమ్మాయి మళ్ళీ బల్లకు ఆనుకుంది. నా స్టీలు సీసాలో వేడినీళ్ళు పట్టి, తలగుడ్డ చుట్టి ఆమె ముందు పెట్టాను.

"ఇది లెక్కలోది కాదులే అమ్మా."

ఆవిరి ముల్లు అప్పటికే ఎర్రగీతకు చేరింది. వెళ్ళి తగ్గించాను.