వంటింటి దాకా వచ్చే చప్పుడు

ఆదివారం పొద్దున స్కూటర్ దిగగానే యాదగిరి నేరుగా కారు దగ్గరికి పోడు. ముందు నల్లా తిప్పి కాళ్లూ చేతులూ కడుక్కుంటాడు. "గంత పెద్దమనిషి ముందట మురికి కాళ్లతోటి ఎట్ల నిలబడాలె సార్" అంటాడు. ఆ పెద్దమనిషి ఇంటి పక్క రేకుల షెడ్డులో ఇటుకల మీద కూర్చుని ఉంటుంది. నీలం రంగు పాత కాంటెస్సా కారు. పొడవాటి ముక్కు, నాలుగు గుండ్రటి లైట్లు. చక్రాలు మాత్రం గోడకు ఆనించి ఉన్నాయి.

యాదగిరికి మంఖాల్‌లో సొంత మెకానిక్ షెడ్డు ఉంది. ఆదివారాలు మాత్రం శంషాబాద్‌లోని ఈ ఇంటికి వస్తాడు. ఇంటాయన శివరామకృష్ణ, కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి, పక్కన కూర్చుని తుప్పు గీకుతాడు, స్పానర్లు అందిస్తాడు. ఇద్దరూ కలిసి ఈ బండిని తిరిగి నిలబెట్టే పని మొదలుపెట్టి ఏడాది కావస్తోంది.

"ఇప్పటి పోరగాండ్లు దీన్ని మజిల్ కార్ అంటున్నరు సార్."

"అంటే?"

"కండలున్న బండి."

"దాని కండలూ నా కండలూ కలిసే కరిగాయిలే."

యాదగిరి నవ్వి, పాత పాటే అందుకున్నాడు. "గీ ఇంజన్ తీసేసి మంచి డీజిల్ ఇంజన్ ఏసుకుందాం సార్. పరేషాన్ ఉండది."

"వద్దు యాదగిరీ. ఇదే ఇంజను ఉండాలి. ఇదే చప్పుడు రావాలి."

"చప్పుడు ఏం జేసుకుంటరు సార్?"

శివరామకృష్ణ ఒక బోల్టు మీదికి వంగాడు. అది ఎన్నాళ్లుగానో తుప్పుపట్టి బిగుసుకుపోయిన బోల్టు. రెండో పట్టుకే కదిలింది. ఆ పూటకు అదే చాలనిపించింది ఆయనకు.

కావలసింది నిజంగా ఆ చప్పుడే.

రత్నమాల ఉన్న రోజుల్లో ఆయన ఈ కారులోనే కాలేజీకి వెళ్లొచ్చేవాడు. ఆరాంఘర్ దగ్గర ట్రాఫిక్ ఏ రోజు ఎంతసేపు నిలబెడుతుందో ఎవరూ చెప్పలేరు. ఒకనాడు ఎండ ఉండగానే ఇల్లు చేరేవాడు, ఒకనాడు వీధిలైట్లు వెలిగాక. ఎప్పుడు వచ్చినా ఒకటే. కారు షెడ్డులో పెట్టి మెట్టెక్కేసరికి గుమ్మంలో ఆవిడ, చేతిలో పొగలు కక్కే కాఫీ గ్లాసు. డికాక్షన్ మధ్యాహ్నమే దిగి ఉండేది. పాలు మాత్రం ఆయన వీధి మలుపు తిరిగాకే పొయ్యి మీదికి ఎక్కేవి. ఆ సంగతి ఆవిడే చెప్పింది. మలుపు ఎలా తెలుస్తోందో మాత్రం చెప్పలేదు.

వంటిల్లు ఇంటికి వెనకవైపు. కిటికీలోంచి వీధి కనబడదు. ఎయిర్‌పోర్టు వచ్చాక నెత్తిమీద విమానాలు. అయినా ఏనాడూ ఆవిడ లెక్క తప్పలేదు.

"ఎలా తెలుస్తుందోయ్ నీకు?"

"చెప్పను."

"కారు చప్పుడు వినిపిస్తుందా?"

"చెప్పనంటే చెప్పను. మీకు తెలియనిది నాకొకటి ఉండనివ్వండి."

ఆ తర్వాత ఆవిడ జబ్బుపడింది. హాస్పిటల్ చుట్టూ తిరిగిన రోజుల్లో ఎవరెవరి బండ్లలోనో వెళ్లారు, ఈ కారు షెడ్డులోనే ఉండిపోయింది. మూడేళ్ల కిందట ఆవిడ వెళ్లిపోయింది. ఆయన మెట్టెక్కితే గుమ్మంలో గుమ్మం మాత్రమే ఉంటోంది.

తన రాక ఆ వంటింట్లో ఎలా వినిపించేదో ఒక్కసారి తెలుసుకోవాలి. స్టీరింగు వెనక కూర్చున్న మనిషికి అది ఎన్నేళ్లు నడిపినా వినబడదు. ఆవిడ నిలబడ్డ చోట నిలబడి, తను ఇంటికి రావడం తనే వినాలి. ఈ కోరిక ఎవరితో అనాలి? కూతురు మృదుల వింటే మియాపూర్ నుంచి పరుగెత్తుకొచ్చి తనతో తీసుకుపోతానంటుంది.

పని సాగుతూనే ఉంది. డిక్కీలో ఎలుకలు గూడు పెట్టిన జాడ కనబడింది. అద్దాలు తుడవడానికి రత్నమాల ఉంచిన పాత చీర ముక్కను పీచు పీచుగా చేసి, గుండ్రంగా పరుచుకున్నాయి. యాదగిరి తిట్టాడు. వాటి పిల్లలు చలికాలం వెచ్చగా పడుకుని ఉంటాయని అనుకున్నాడు శివరామకృష్ణ. మిగిలిన ముక్కను పారేయకుండా ఉతికి ఆరేశాడు.

చక్రాలు ఎక్కాయి. ఇటుకలు పక్కకు జరిగాయి. ఒక ఆదివారం యాదగిరి కొత్త బనీను వేసుకుని వచ్చాడు. "ఇయ్యాల లేస్తది సార్" అన్నాడు. నాలుగోసారి తాళం తిప్పగానే బండి ఒళ్లు విదిలించుకుని లేచింది.

శివరామకృష్ణ చెవి ఒగ్గి విన్నాడు. ఆయన మొహంలో వెలుగు మెల్లగా జారిపోయింది. ఇంజను ఆడుతోంది. కానీ ఆ గొంతు లేదు. ఎవరో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది.

"ఎట్లున్నది సార్? పిల్లి లెక్క!" యాదగిరి గర్వంగా బండి కిందికి చూపించాడు. "కొత్త సైలెన్సర్. మీరు పైసలియ్యొద్దు, నా తరఫున. పాతది బొక్కలు పడ్డదని పోయిన నెల మీరు లోపలున్నప్పుడు పీకేసిన."

బాగుంది అన్నాడు. లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగాడు. తిరిగొచ్చి, పట్టుబడిన కుర్రాడిలా నేల చూపులు చూస్తూ మొత్తం చెప్పేశాడు. మలుపు, పాలు, గుమ్మం, చెప్పను అన్న మాట.

యాదగిరి చాలాసేపు చేతిగుడ్డతో ఒకే వేలు తుడుచుకున్నాడు.

"గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా సార్? ఏడాది సంది చప్పుడు, చప్పుడు అని మీరు సతాయిస్తుంటే, సార్‌కు జర చెవుడొచ్చిందనుకున్న."

"చెప్పడానికి సిగ్గేసింది."

"సిగ్గెందుకు? మా ఇంటామె నా స్కూటర్ చప్పుడు వినంగనే టీవీ బందు చేస్తది. ఎన్కటిసంది ఇదే తంతు." గుడ్డ భుజం మీద వేసుకుని లేచాడు. "ఇగ పాత సైలెన్సర్ యాడున్నదో చూడాలె."

షెడ్డు వెనక లేదు. చెత్తకుప్పలో లేదు. పాత ఇనుము కొనేవాడు పట్టుకుపోయాడేమోనని శివరామకృష్ణ వీధిలోకి తొంగి చూశాడు. అప్పుడు ప్రహరీ అవతల, పక్కింటి భారతమ్మ పెరట్లో కనబడింది. నేలలో నిటారుగా పాతి ఉంది. దాని నిండా బీరతీగ.

"ఊకెనే పడున్నదని తెచ్చుకున్న సార్," అంది భారతమ్మ. "ఇప్పుడే జర తీగ పట్టుకున్నది. మల్ల అడుగుతరా?"

"దీని బదులు కట్టె నేను పాతి ఇస్తానమ్మా. తీగ తెగకుండా విప్పుతాను."

"గా బొక్కల డబ్బాతోటి ఏం పని?"

"మా రత్నమాల దాన్నే గుర్తుపట్టేది."

భారతమ్మ తనే కూర్చుని తీగను ఒక్కో మెలికా విప్పింది. "అక్కకు చెప్పు సార్, నా బీరపాదును లేపి ఇచ్చిన్నని," అంది, తల ఎత్తకుండా.

మరుసటి ఆదివారానికి యాదగిరి ఆ సైలెన్సర్‌ను వెల్డింగ్ చేసి బిగించాడు. చివర ఒక చిన్న బొక్కను కావాలనే వదిలేశాడు. "అన్ని మూస్తె గొంతు పోతది సార్. కొత్తది పక్కకు పెట్టిన, మీ ముచ్చట తీరినంక ఏద్దాం."

బండి లేవగానే శివరామకృష్ణ ఒక చేత్తో గోడ పట్టుకున్నాడు. అదే. అడుగున ఎక్కడో గరగరలాడే అదే బొంగురు గొంతు.

"కూసోండి సార్, మొదటి రౌండు మీదే," అన్నాడు యాదగిరి డోరు తీసి పట్టుకుని.

"కాదు. నువ్వు పో. ఎయిర్‌పోర్టు రోడ్డు దాకా పోయి తిరిగిరా. మలుపు దగ్గర స్పీడ్‌బ్రేకర్ ఉంది కదా, అక్కడ గేరు తగ్గించి లాగు. నేను అలాగే లాగేవాడిని."

ఆయన వంటింట్లోకి వెళ్లి, పొయ్యి ముందు, ఆవిడ నిలబడే చోట నిలబడ్డాడు. పాలగిన్నె, పొద్దున దిగిన డికాక్షన్ పక్కన పెట్టుకున్నాడు. ఫ్యాను ఆపాడు. విన్నాడు. కుళాయి బొట్టు. భారతమ్మ ఇంట్లో కుక్కర్ కూత. దిగుతున్న విమానం ఒకటి ఇంటి మీదుగా పోయింది. అది పోయిన వెంటనే గేటు ముందు హారన్ మోగింది.

"ఇనొచ్చిందా సార్?"

"లేదు."

ఏడాది పని ఆ ఒక్క మాటలో కూలబడింది. యాదగిరి మొహం చిన్నబోయింది. "ఇంకోసారి పోయొస్త. విమానం అడ్డమొచ్చింది గదా."

"ఆవిడకూ అడ్డమొచ్చేవి," అన్నాడు శివరామకృష్ణ. అయినా పొమ్మన్నాడు.

మళ్లీ వంటిల్లు. ఊరికే నిలబడలేక చుట్టూ చూశాడు. అంతా అప్పటిలాగే ఉండాలనుకున్నప్పుడు అంతా అప్పటిలాగే ఉందా? లేదు. పొయ్యి పక్కన గోడకు బిగించిన మూతల స్టాండు ఖాళీగా ఉంది. తల్లి పోయాక మృదుల వచ్చి, నాన్నకు వంగి తీసుకోవడం తేలికని మూతలన్నీ కింద డ్రాయరులో సర్దిపెట్టింది. ఆయన వాటిని బయటికి తీశాడు. రత్నమాల పెట్టే వరసలోనే, పెద్దది మొదలు చిన్నదాని దాకా, ఒక్కొక్కటే స్టాండులో దోపాడు. అన్నిటికన్నా చిన్నది, పోపుగిన్నె మీది మూత, స్టాండు చివరి ఇనుప తీగకు వదులుగా ఆనుకుంది.

ఇంకో విమానం పోయింది. మూతలన్నీ ఒక్కసారి గలగలలాడి ఊరుకున్నాయి.

తర్వాత నిశ్శబ్దం. చెవులకు ఏమీ అందలేదు. వీధిలో బండి వస్తున్న జాడే లేదు. అప్పుడు మిగతావన్నీ కదలకుండా ఉండగా, ఆ చిన్న మూత ఒక్కటే తీగ మీద టిక్కుటిక్కుమంది. ఆగింది. మళ్లీ గబగబా టిక్కుటిక్కుటిక్కు.

స్పీడ్‌బ్రేకర్. గేరు తగ్గింది. లాగుతోంది.

ముప్పై ఏళ్లు పిల్లలకు బోర్డు మీద గీసి చెప్పిన అనునాదం పాఠం అది: ఒక కంపనకు దానికి సరిపడే వస్తువు ఒక్కటే పలుకుతుంది. తన ఇంట్లో, తన పొయ్యి పక్కన, రోజూ సాయంత్రం అదే జరుగుతోందని ఆయనకు తెలియలేదు. ఆవిడకు తెలుసు. ఈ చిన్న శబ్దం కోసం ఆవిడ ఎన్ని సాయంత్రాలు మిగతా చప్పుళ్లన్నీ పక్కకు నెట్టి ఉంటుందో.

మూత మీద వేలు పెట్టబోయి, పెట్టలేదు. దాని పని దాన్ని చేయనిచ్చాడు. పొయ్యి వెలిగించి పాలు ఎక్కించాడు. ఇప్పుడు ఎవరో ఇంటికి వస్తున్నారు. ఆ సంగతి ఈ ఇంట్లో మొదట తెలిసింది ఆయనకే.

యాదగిరి బండిని షెడ్డులో పెట్టి, నల్లా దగ్గర కాళ్లు కడుక్కుని మెట్టెక్కేసరికి గుమ్మంలో శివరామకృష్ణ నిలబడి ఉన్నాడు. చేతిలో కాఫీ గ్లాసు పొగలు కక్కుతోంది.

యాదగిరి గ్లాసు వంకా, ఆయన మొహం వంకా మార్చి మార్చి చూశాడు.

"నేను చాయ్ మనిషిని గని, ఇయ్యాల తాగుత. అంటె ఇనొచ్చినట్టే గదా! ఎట్ల తెలిసింది సార్?"

శివరామకృష్ణ గ్లాసు అతని చేతిలో పెట్టాడు. చాలా రోజుల తర్వాత పళ్లు కనబడేలా నవ్వాడు.

"చెప్పను," అన్నాడు.