రెండో చూపు

తెర మీద బూడిదరంగు గీత. గీత నిండా గరుకు. ఆ గరుకులో ఎక్కడో ఒక సన్నని పొడుపు...

అదే గెలాక్సీ.

అంత దూరం నుంచి వచ్చేసరికి వెలుగులో మిగిలేది అంతే. పొడుపు ఎంత ఎరుపు వైపుకి జరిగితే గెలాక్సీ అంత దూరం. కంప్యూటర్ చేతులెత్తేసినవి మనుషులు చూడాలి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు. ఒకరు చూసి మార్కు వేస్తారు. సున్నా అంటే ఏమీ లేదు. నాలుగు అంటే ఖాయం. ఆ మార్కుతో పని లేకుండా రెండోవారు మళ్లీ చూడాలి.

అదీ నియమం.

ఇరవై రెండేళ్లు మొదటి చూపు ఆయనది. రెండోది ఆమెది. పక్కపక్క బల్లలు. సాయంత్రానికి ఒకే ఇల్లు.

ఆయన పోయి మూడు నెలలు.

తలలో గడ్డ. "ఆరు నెలల ముందు తెచ్చుంటే తీసేసేవాళ్లమమ్మా," అన్నాడు డాక్టరు. అప్పుడెవరికి తెలుసు? తలనొప్పి లేదు. తూలింది లేదు. మనిషి గుండ్రాయిలా ఉన్నాడు. ఎవరికీ తెలియలేదు — ఆ ఒక్క మాట పట్టుకుని బతుకుతోంది ఆమె.

పొద్దున జట్టు పెద్ద వచ్చింది. వయసులో చిన్నది. "అక్కా, సార్ చివరి ఏడాది చూసినవి మళ్లీ ఒకసారి చూడాలి. మీకు కష్టమైతే ఇంకొకరికిస్తాను."

"ఇంకొకరెందుకమ్మా? నేను లేనూ!"

మొదటిది. పొడుపు ఉంది. ఆయన మార్కు నాలుగు.

రెండోది. ఉంది. నాలుగు. గద్ద చూపు మహానుభావుడిది, అని నవ్వుకుంది.

మధ్యాహ్నానికి నవ్వు ఆగింది.

ఏమీ లేదు. ఉత్త గరుకు. ఆయన మార్కు — నాలుగు.

తర్వాతిది. ఏమీ లేదు. నాలుగు.

అద్దాలు తుడుచుకుంది. కళ్లు తుడుచుకుంది. తర్వాతిది... నాలుగు.

ఒకటా, రెండా? నూట పద్దెనిమిది. అన్నిట్లో పొడుపు కుడి అంచునే ఉందని రాశాడు. లేని పొడుపు. ఒకే చోట. అది తెర మీద లేదు, ఆయన తలలో ఉంది.

వాటిలో మొదటిదాని తారీఖు చూసింది. ఆసుపత్రిలో చేరడానికి తొమ్మిది నెలల ముందు.

తొమ్మిది నెలలు! ఓరి దేవుడా...

ఆయన మార్కు పక్కన ఇంకో గడి. రెండోవారిది.

నాలుగు. నాలుగు. నాలుగు.

కింద ఆమె పేరు.

గుర్తుంది. "చూడవే ఒకసారి," అన్నాడు ఆయన. "మీరు చూశాక నేను చూసేదేముంది?" అంది. ఆయన మార్కులే వరసగా దించేసింది. ఆయన మురిసిపోయాడు. ఆమె కూడా మురిసిపోయింది.

ఒక్కటంటే ఒక్కటి తెరిచి ఉంటే... "ఏమండీ, ఏదీ పొడుపు?" అని అడిగేది. ఆయన ఏమీ లేనిచోట వేలు పెట్టి చూపించేవాడు. ఆ రోజే ఆసుపత్రికి లాక్కెళ్లేది.

"ఎలా ఉన్నాయక్కా?" జట్టు పెద్ద మళ్లీ వచ్చింది.

"సార్ తప్పేం లేదమ్మా. రెండోసారి చూడాల్సింది నేను. చూడలేదు."

ఆ పిల్ల మంచినీళ్లు తెస్తానని వెళ్లింది.

ఆమె తన గడిలో నాలుగు కొట్టేసింది. సున్నా వేసింది. పక్కనున్న ఆయన నాలుగు జోలికి చెయ్యి పోలేదు.

నూట పద్దెనిమిదిలో మొదటిదాన్ని మళ్లీ తెరిచింది. కుడి అంచున చూసింది. ఆయనకు కనిపించింది తనకూ కనిపిస్తుందేమోనని — చూస్తూనే ఉంది...