మసి అంటిన చోటు

దీపం మీద పట్టిన ఇత్తడి మూత అడుగున నల్లగా మసి కట్టింది. వెల్టెన్ దాన్ని తుపాకీ చెక్కలో తొలిచిన గూట్లో పెట్టి, బొటనవేలితో నొక్కి తీశాడు. చెక్కకి రెండుచోట్ల మసి అంటింది. అంటిన చోటే ఎత్తు. అక్కడ ఉలితో వెంట్రుకవాసి చెక్కి, మళ్లీ మసి పట్టించాలి. మూతకీ చెక్కకీ మధ్య గోరు కూడా దూరకూడదు. లాంకాస్టర్ చుట్టుపక్కల ఈ పనిలో అతన్ని మించినవాడు లేడని పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా అతనికి తల వాలిపోతుంది.

అరవై రెండేళ్లు వచ్చాయి. పెళ్లి లేదు. నలభై ఏళ్లుగా యోస్ట్ హెంబెల్ తుపాకుల కొట్లో ఇత్తడి కరిగించడం, ఇసుక అచ్చుల్లో పోయడం, ఆకురాయితో రుద్దడం, చెక్కకి అమర్చడం. వేళ్ల సందుల్లో పచ్చటి మరక ఎంత కడిగినా వదలదు. తుపాకీ గొట్టం మీద చెక్కే పేరు మాత్రం యోస్ట్‌దే. మంచైనా చెడైనా ఆయనకే.

చెడు పదకొండేళ్ల కిందట వచ్చింది. ఒక తుపాకీ మీట చుట్టూ కాపుగా ఉండే ఇత్తడి కమ్మికి పోతలో గాలిబుడగ పడి చిన్న గుంట ఏర్పడింది. కరిగించి మళ్లీ పోయాల్సింది. మర్నాడు సంత. వెల్టెన్‌కి బద్ధకమేసింది. గుంటలో ఇత్తడి బిరడా కొట్టి, పైన నున్నగా రుద్దేశాడు. ఆ కమ్మి సరిగ్గా అక్కడే విరిగింది. లెన్‌హార్ట్ అనే రైతు కంచె దాటుతుంటే, కాపులేని మీటకి కొమ్మ తగిలి తుపాకీ పేలింది. అతని కాలు పోయింది.

ఇత్తడిని కాల్చి మెత్తబరచకుండా చల్లగానే వంచానని, తప్పు తనదేనని యోస్ట్ ఊరందరి ముందూ ఒప్పుకున్నాడు. అప్పటినుంచి ఏటా లెన్‌హార్ట్ పొలం తానే దున్ని వచ్చేవాడు. వెల్టెన్ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. రేపు చెబుదామనుకున్న ఆ రేపు ఇంతవరకూ రాలేదు.

ఇప్పుడు యోస్ట్ పక్కగదిలో మంచం పట్టి ఉన్నాడు. పొద్దున్నే ఆయన భార్య అపొలోనియా వచ్చి, ఆయన పిలుస్తున్నాడని చెప్పింది. ఇవాళ చెప్పేయాలనే వెల్టెన్ కూడా అనుకున్నాడు. కానీ చేతిలో మూత ఉంది.

"ఇదొక్కటి కూర్చోనీ వదినా, వచ్చేస్తా."

మధ్యాహ్నం పులియబెట్టిన కాబేజీ, పంది మాంసం ముందు పెట్టి మళ్లీ చెప్పింది. "నీ మూతేమన్నా పారిపోతుందా మరిదీ? ఆయన చూపంతా గుమ్మం మీదే ఉంది."

చెక్కకి మసి అంటడం ఎప్పుడో ఆగిపోయింది. అది వెల్టెన్‌కి తెలుసు. అయినా మసి పట్టిస్తూ, నొక్కుతూ, లేని ఎత్తుని చెక్కుతూనే ఉన్నాడు. పిరికితనానికి పనితనమని పేరు పెట్టుకున్నాడంతే. చివరికి మూత వదులైపోయింది. నలభై ఏళ్లలో మొదటిసారి అతని పనిలో గోరు దూరేంత సందు పడింది.

ఎండ కిటికీ దిగాక అపొలోనియా మూడోసారి వచ్చింది. ఈసారి పిలవలేదు. పోయాడని చెప్పి, చిన్న గుడ్డమూట బల్లమీద పెట్టింది.

"నీకిమ్మన్నాడు. 'వాడే చెప్పాలి, నేనడగకూడదు' అనేవాడు ఎప్పుడూ. దేని గురించో నాకూ చెప్పలేదు."

వెల్టెన్ మూట విప్పి చూశాడు. లోపలున్నవి తీసి బల్లమీద పెట్టాడు.

"లెన్‌హార్ట్ కాలు పోయింది నావల్ల వదినా. ఆయన తప్పు కాదు."

ఆమె అతని మొహంలోకి చూసింది. కోపం కూడా రాలేదు.

"నాకెందుకు చెబుతావు మరిదీ? పొద్దుట్నించీ ఎదురుచూసింది నేను కాదుగా."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. బల్లమీద విరిగిన కమ్మి, దాని పక్కన గుంటలోంచి ఎప్పుడో జాగ్రత్తగా ఊడదీసిన శనగగింజంత బిరడా, పైన నున్నగా, అడుగున గరుకుగా.