బల్ల సల్లబడ్డదని చెప్పిన ఆదివారం

ఆదివారం పొద్దున్నే కొమురమ్మ చేసే మొదటి పని మోకాళ్లకు నూనె రాసుకోవడం. రెండోది, మడిచిన బొంతను చంకన పెట్టుకుని గడప దాటడం. లాల్‌దర్వాజా వెనక గల్లీలో ఆ వేళకు పాలబండ్లు తిరిగి వెళ్తుంటాయి. హోటలు ముందర ఆటోవాళ్లు సాసర్లలో చాయ్ ఊదుకుంటుంటారు. వాళ్లను తప్పించుకుంటూ ఆమె అందరికంటే ముందు చర్చికి చేరేది. చేరి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, బల్లలను తాకి చూసేది.

ఆ చర్చిలో ఎవరైనా చనిపోతే వాళ్లు కూర్చునే చోటు వెంటనే చల్లబడదు. ఇప్పుడే లేచి బయటికి వెళ్లినట్టు వెచ్చగా ఉంటుంది. కొందరిది రెండు మూడు నెలలకు ఆరిపోతుంది, కొందరిది ఏళ్లు గడిచినా ఆరదు. చర్చి కట్టినప్పటి నుంచీ అంతే. వానాకాలంలో గోడలు చెమ్మగిల్లితే ఎవరు ఆశ్చర్యపోతారు? ఇదీ అలాంటిదే. ఆ ఇంటివాళ్లు మాత్రం తాకి చూడకూడదు. వాళ్ల చేతికి ఎప్పుడూ వెచ్చగానే తోస్తుందని పెద్దల మాట.

కరోనా తర్వాత బదిలీ మీద వచ్చిన పాస్టరు అయ్యగారి భార్య రాధ, ఈ వెచ్చదనాన్ని చూసి ఒక ఏర్పాటు చేసింది. పోయినవాళ్ల ఇంట్లో ఓదార్పుగా జరిపే ఆదరణ కూడికతో పని అయిపోయిందని ఎవరూ అనుకోకూడదు. చోటు వెచ్చగా ఉన్నన్నాళ్లూ ఆ ఇంటికి వంతులవారీగా క్యారియర్ వెళ్లాలి. తీసుకువెళ్లినావిడ గిన్నెలు పెట్టి వచ్చేయకూడదు, కూర్చోవాలి. కూర్చుని, పోయినవాళ్ల ముచ్చట ఒకటి అడగాలి. విన్న ముచ్చటను ఆదివారం ప్రార్థనకు ముందు సంఘానికి చెప్పాలి. చోటు చల్లబడ్డాక వంతులు ఆగిపోతాయి.

కొత్తగా పోయినవాళ్ల చోటు మీద చెయ్యి పెట్టి చూసే పని కొమురమ్మకు అప్పజెప్పిందీ రాధే. "మీ చెయ్యి నమ్మకమైనదండీ, కొమురమ్మగారూ," అంది.

ఇప్పుడు వెచ్చగా ఉన్నది మూడో బల్ల, కిటికీ పక్క చోటు. ప్రేమ్‌రాజ్‌ది. ఫ్రిజ్జులు, కూలర్లు బాగుచేసేవాడు. ఎండాకాలంలో ఎవరింట్లోనో కూలర్ విప్పుతూ గుండె పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. అతని భార్య అమల ఇల్లు కొమురమ్మ ఇంటికి రెండు గడపల అవతల. అమలకు వెళ్లే క్యారియర్లన్నీ కొమురమ్మ గుమ్మం ముందు నుంచే వెళ్లాలి. మూత తియ్యకుండానే లోపల ఏముందో ఆమె చెప్పగలదు.

"ఏం తనూజా, ఇయ్యాల దాల్చానా?" అని ఒక మధ్యాహ్నం అరుగు మీది నుంచే అడిగింది.

తనూజ వరసకు ఆమెను వదినె అంటుంది, నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి. "వాసన పట్టినవా వదినె?"

"పట్టుడేంది, గల్లీ అంత తెలుస్తనే ఉన్నది. మస్తు మర్యాదలు నడుస్తున్నయి."

"ముచ్చట్లు గూడ మస్తు చెప్తది అమల. పెండ్లిసూపులల్ల ప్రేమ్‌రాజ్ చాయ్ మీద పోసుకున్నది విన్నవ్ గద. అందరు కండ్లు తుడుసుకున్నరు. నువ్వే తుడుసుకోలే."

"నా కండ్లల్ల నీళ్లు కరోనాలనే అయిపోయినయి," అంది కొమురమ్మ. తనూజ క్యారియర్ చెయ్యి మార్చుకుని ముందుకు పోయింది.

ఈశ్వరయ్య పోయింది కరోనాలోనే. బాప్తిస్మం పేరు ఇస్సాకు, కానీ లాడ్‌బజార్‌లో లక్కగాజులకు రాళ్లు అతికించే కొట్టులో అతను ఎప్పుడూ ఈశ్వరయ్యే. ఆస్పత్రి నుంచి నేరుగా సమాధుల తోటకు తీసుకువెళ్లారు. కొమురమ్మ గేటు బయట ఆటోలో కూర్చుని చూసింది. ఆదరణ కూడిక లేదు. గడప తొక్కినవాళ్లు లేరు, తొక్కే రోజులూ కావు. చర్చికి తాళం. ఆ తాళం తీసిన నాడు బల్లలన్నీ బ్లీచింగు నీళ్లతో కడిగి వాకిట్లో ఎండకు వేశారు. ఎండకు అన్నీ ఒకేలా కాలాయి. వాటిలో ఎవరి వేడి ఏదో ఎవరు చెప్పగలరు? ఆ ఏడాది పోయినవాళ్ల సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కింద చాప మీద కూర్చోలేని ఆడవాళ్ల కోసం అప్పుడే ఒక బల్లను మగవాళ్ల వైపు నుంచి ఇటు జరిపారు. అది ఈశ్వరయ్య కూర్చునే బల్ల. కొమురమ్మ గుర్తుపట్టి, అతను కూర్చునే కొస పట్టుకుంది. నడుము నొప్పికి బొంత మడిచి వేసుకుని దాని మీద కూర్చునేది. ఇంకొకరిని అక్కడ కూర్చోనిచ్చేది కాదు.

ఆమె భయమల్లా మరిచిపోవడమే. పొయ్యి మీద పాలు మరిచిపోతే కొడుకు గోవర్ధన్ కసురుకుంటాడు, అంతటితో పోతుంది. ఈశ్వరయ్యను మరిచిపోతే ఎవరు కసురుతారు? కొడుకును అడిగితే "పాతయెందుకమ్మా ఇప్పుడు" అని బండి తీస్తాడు. మొన్నొకసారి గోడకు ఆనుకుని మొగుడి గొంతును గుర్తు తెచ్చుకోబోతే ప్రేమ్‌రాజ్ గొంతు వచ్చింది. వారం వారం చర్చిలో అతని మాటలే వినీ వినీ, అతను వచ్చి ఆమె మనసులో ఈశ్వరయ్య జాగాలో కూర్చున్నాడు. ఆ రోజు కొమురమ్మకు అన్నం సహించలేదు.

తన వంతు వచ్చిన రోజు ఖిచిడీ, ఖట్టా చేసి తీసుకువెళ్లింది. "కూసో పెద్దమ్మా," అంటూ అమల పీట వేసింది. కొమురమ్మ ముచ్చట అడగలేదు. అమలే చెప్పింది.

"ఊరందరి ఫ్రిజ్జులు బాగుచేసెటోడు గని, మా ఇంట్ల ఫ్రిజ్జు లేకుండె పెద్దమ్మా. కొనుమంటె, 'మనకెందుకే, గల్లీల ఉన్నయన్ని నావే గద' అనేటోడు." చెబుతూ నవ్వింది, నవ్వుతూనే ముక్కు తుడుచుకుంది.

"మంచిగున్నది," అంది కొమురమ్మ. గిన్నెలు సర్దుకుని లేచింది. అమల వారానికో ముచ్చట చెబుతుంది, దాన్ని ఊరంతా మోసుకుపోయి దాచిపెడుతుంది. నాది నా ఒక్కదాని బుర్రలో ఉంది, ఆ బుర్ర కారిపోతోంది. రెండు గడపలు దాటేలోపు ఆ మాట ఆమె లోపల రాయిలా గడ్డకట్టింది.

ఆ ఆదివారం మూడో బల్ల మీద చెయ్యి పెట్టింది. పెనం మీది నుంచి అప్పుడే తీసిన రొట్టెలా ఉంది.

"ఎలా ఉందండీ?" అని రాధ అడిగింది.

"సల్లబడ్డది అమ్మగారూ."

"అప్పుడేనా?"

"ఏమో. నా చేతికైతే సల్లగనే తాకింది."

కొమురమ్మ చెప్పాక మళ్లీ తాకి చూసే అలవాటు ఎవరికీ లేదు. వంతులు ఆగిపోయాయి.

మొదట్లో ఆమెకు హాయిగానే ఉంది. గల్లీలో దాల్చా వాసన లేదు. తన గుమ్మం ముందు నుంచి ఎవరూ వెళ్లడం లేదు. వారం మధ్యలో అమల వచ్చి గడప దగ్గరే నిలబడింది. తల దువ్వుకోలేదు.

"పెద్దమ్మా, నిజంగనే సల్లబడ్డదా?"

"చెప్పిన గద."

"అన్నం గురించి అడుగుతలేను. అది వండుకుంట. గని ఆయన గింత జల్ది పోయిండంటే, నేను సరిగ యాది చేస్కుంటలేనేమో. నాదే తప్పేమో అనిపిస్తున్నది. ఇంట్ల మాట్లాడెటోళ్లు గూడ లేరు."

"పొయ్యి మీద పాలున్నయి బిడ్డా," అని కొమురమ్మ లోపలికి వెళ్లింది. పొయ్యి మీద ఏమీ లేదు. అమల చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా ఆరిన పొయ్యి ముందే నిలబడింది.

మళ్లీ ఆదివారం కొమురమ్మ ఆలస్యంగా చేరింది. అప్పటికే పాట మొదలైంది. బొంత చంకలో ఉండగానే మూడో బల్ల వైపు వెళ్లింది. చెయ్యి చాచబోతూ వెనక్కి చూస్తే, తన జాగాలో ఎవరో కూర్చుని ఉన్నారు. అమల. తిండి తిన్న ముఖం కాదు. నిలబడలేకపోతుంటే తనూజ అక్కడ కూర్చోబెట్టినట్టుంది. కొమురమ్మ మోకాళ్ల సంగతి మరిచి గబగబా వెళ్లింది.

"లే. అది నా జాగ."

అమల ఉలిక్కిపడి లేచింది. "తప్పయింది పెద్దమ్మా. గీడ మస్తు ఎచ్చగుంటే, నువ్వు ఇప్పుడే లేసి పోయినవనుకున్న."

"నేనింకా కూసోనే లేదు," అంది కొమురమ్మ.

ఆ మాట అన్నాక గానీ దాని అర్థం ఆమెకు తట్టలేదు. పక్కనున్న తనూజ పాడటం ఆపి బల్ల కొసన చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి తియ్యలేదు. రాధ వచ్చి తానూ పెట్టి చూసింది.

"ఇది ఎవరు కూర్చునే చోటండీ?"

"ఈశ్వరయ్యన్నది," అంది తనూజ. "కరోనాల పోయిండు. ఇన్నేండ్ల సంది గిట్లనే ఉన్నట్టున్నది అమ్మగారూ. వదినె బొంతేసి కూసుంటది, ఎవ్వరిని కూసోనియ్యదు. మాకెట్ల తెలుస్తది?"

పాట దానంతట అదే ఆగిపోయింది. ఆ ఏడాది ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి, పక్కింటివాళ్లను చెయ్యి పట్టుకుని బల్లల దగ్గరికి తీసుకుపోతున్నారు. కొమురమ్మ బొంతను గుండెకు హత్తుకుని మూడో బల్ల దగ్గరికి నడిచింది. అరచెయ్యి ఆనించింది.

"అమ్మగారూ, గిది గూడ ఎచ్చగనే ఉన్నది. పోయిన వారం గూడ ఉండె. నేను అబద్ధం చెప్పిన."

"ఎందుకండీ?" రాధ గొంతు పెంచకుండానే అడిగింది.

"ఓర్వలేకపోయిన. ఆ పిల్లకు అందరొచ్చిండ్రు. నా మొగని ముచ్చట ఒక్కరు అడగలే."

"గంత కుళ్లా వదినె?" అంది తనూజ.

"గంతనే."

ఇక మీదట ఏ బల్లనైనా ఇద్దరు తాకి చూడాలని రాధ అక్కడే చెప్పింది. అమల ఇంటికి వంతులు మళ్లీ మొదలయ్యాయి, కొమురమ్మ ఇంటికి కూడా. మొదటి వంతు ఎవరిదని అడిగితే అమల చెయ్యెత్తింది.

"మీ ఇంటికే వంతులు వస్తున్నాయి కదమ్మా," అంది రాధ.

"రానియ్యిండ్రి. నాకూ పోవాలనే ఉన్నది."

మర్నాడు మధ్యాహ్నం అమల డబ్బాలో టమాట పప్పు, అన్నం తెచ్చింది. కొమురమ్మ తినేదాకా ఎదురుగా కూర్చుంది. కోపంగా ఉందో లేదో ముఖం చూస్తే తెలియలేదు. కొమురమ్మ అడగడానికి జంకింది. చెయ్యి కడుక్కున్నాక అమలే అంది:

"నాకు మస్తు కోపమొచ్చింది పెద్దమ్మా. ఇంకా పోలేదు."

"ఉండనీ బిడ్డా. ఉండాల్సిందే."

"ఉంటది. ముచ్చట చెప్పు."

కొమురమ్మ నోరు తెరిచింది. ఎంత తడిమినా ఊళ్లోవాళ్ల ఫ్రిజ్జులూ, ఒలికిన చాయే తగులుతున్నాయి.

"యాదికి లేదు. అంత పోయింది."

"పోతే పోనీ. నేను కూసుంట."

అమల నిజంగానే కూర్చుంది. పక్కింట్లో కుక్కర్ కూతలు వేసి ఊరుకుంది. గల్లీలో పాతసామాన్లవాడు అరుచుకుంటూ వెళ్లిపోయాడు. అమల కొంగుకు వేలాడుతున్న దారం ఒకటి తెంపుకుని, మామూలుగా అడిగింది:

"మీరు కొట్లాడుకునేటోళ్లా?"

"కొట్లాడకుంట ఎట్ల?" అంది కొమురమ్మ. "జాంకాయల కాడ మస్తు కొట్లాడినం."

"జాంకాయలేంది?"

"బార్కస్ నుంచి బండి మీద ఒక ముసలాయన తెచ్చెటోడు. తూసినంక ఒక కాయ ఎక్కువేస్తుండె నాకు. మా ఆయన ఒకనాడు సూసిండు. ఇంటికొచ్చి, 'అందరికేస్తడా, నీకే ఏస్తడా' అని లొల్లి. ఆ ముసలాయనకు నోట్ల పండ్లు లేవు, కండ్లు అవుపడయి. అయినా ఈయనకు కుళ్లు. ఆనాటి సంది నన్ను బండి కాడికి పోనియ్యలే. తనే బార్కస్ దాక పోయి తెచ్చెటోడు. సూసి తెచ్చుడు రాదాయె. కోస్తె అన్ని పురుగులే. నేను తింటుంటె ఎదురుంగ కూసోని నా మొకమే సూసెటోడు. సూసి..."

ఆగిపోయింది. లక్క పొగకు కొంచెం బొంగురుపోయిన గొంతు, మాట చివర దగ్గు, ఆమె చెవిలో దానంతట అదే పలికింది.

"ఏమనేటోడు పెద్దమ్మా?"

"'మంచిగున్నయని చెప్పవే. అబద్ధమైనా చెప్పు' అనేటోడు."

కొమురమ్మ నవ్వింది. నవ్వు ఆగాక కూడా భుజాలు కదులుతూనే ఉన్నాయి. ఆమె ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. అమల ఆ కొంగు తొలగించలేదు, ఓదార్చలేదు, పీట కొద్దిగా దగ్గరికి జరుపుకుంది.

చాలాసేపటికి అమల డబ్బా తీసుకుని లేచింది. "ఆదివారం చెప్త."

"గిదా? చర్చిలనా? నవ్వుతరు."

"నవ్వనీ."

కొమురమ్మ కళ్లు తుడుచుకుని, గడప దాకా వెంట వెళ్లింది.

"చెప్తే సరిగ చెప్పు. పురుగులున్నయని చెప్పు. నేను అన్ని తిన్ననని గూడ చెప్పు."