జిగురుమాను గింజలు

గింజ ఎండబెట్టడంలో ఆమెకు ఆమే సాటి. గుమ్మడి కానివ్వండి, చిక్కుడు కానివ్వండి, ఎనిమిది రోజులు ఎండ చూపించి, బూడిద కలిపి, డబ్బా మూత బిగించిందంటే మూడేళ్ల తర్వాత నాటినా ఒక్కటి తాలు పోయేది కాదు. అందుకే అందరికీ ఆమె విత్తనాలక్క అయిపోయింది. అసలు పేరుతో పిలిస్తే ఆమే వెంటనే పలికేది కాదు.

ఆమె తమ్ముణ్ణి అందరూ రంపం అనేవారు. ఇరవై ఏళ్లు కొండ మీద చెట్లు కోసిన మనిషి మరి, ఇంకేమంటారు! కొండ సగం బోడి అయి, వాన పడితే చాలు బురద ఇళ్లలోకి దూసుకురావడం మొదలయ్యాక కోతలు ఆపించారు. మూతపడ్డ కోత మిల్లు స్థలంలోనే అడవి శాఖ మొక్కల నర్సరీ పెట్టింది. ముప్పై మంది ఆడవాళ్లకు పని దొరికింది, వాళ్లకు పెద్ద విత్తనాలక్క. ఆ తర్వాత కూడా దొంగచాటుగా కోస్తూనే ఉన్న తమ్ముడి చేత రంపం మాన్పించడానికి ఆమె పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. అరిచింది, అలిగింది, నెలరోజులు వాడి మొహం చూడలేదు. చివరికి వాడే దిగొచ్చాడు.

"సరేలేవే అక్కా, నీ నోటికి దడిసి మానేస్తున్నా. రేపట్నుంచి మొక్కలకు జోల పాడమన్నా పాడతా" అన్నాడు. పాడలేదు గానీ, మట్టి మోశాడు, పాదులు తవ్వాడు, ఆడవాళ్లందరినీ నవ్వించాడు.

ఈ ఏడు నర్సరీకి పెద్ద పని వచ్చింది. బోడికొండ మీద ఒకప్పటిలా జిగురుమాను చెట్లు పెంచాలి, పదివేల మొక్కలు కావాలంది అడవి శాఖ. ఇవ్వగలిగితే ముప్పై ఇళ్లకూ ఇంకో ఐదేళ్లు పని. ఇవ్వలేకపోతే నర్సరీ మూసేసి ఆ జాగా మళ్లీ మిల్లుకే ఇచ్చేస్తారు. మిల్లు యజమాని ఎప్పుడెప్పుడా అని కాచుక్కూచున్నాడు. చిక్కేమిటంటే కొండ మొత్తానికి జిగురుమాను చెట్టు ఒక్కటే మిగిలింది. మిగతావన్నీ కోసింది రంపమూ, వాడి తోటివాళ్లే. ఆ ఒక్కటీ ఆరేళ్లకోసారి గానీ కాయదు. కాయ కిందికి రాలేదాకా ఆగితే పురుగు మిగల్చదు. ఎక్కి కోయాల్సిందే. అంత ఎత్తు ఎక్కగలవాడు రంపం ఒక్కడే.

రెండు రోజులు ఎక్కాడు. రెండు రెక్కలున్న ఆ కాయల్ని గోనెసంచులకెత్తి తెచ్చి అక్క ముందు కుమ్మరించాడు. మూడోరోజు కొమ్మ విరిగింది. నడుముకు కట్టుకున్న తాడు ఆపలేకపోయింది. కిందున్నవాళ్లు పరుగెత్తి వెళ్లేసరికే ప్రాణం పోయింది.

అక్క ఎలా ఏడ్చిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. వాడికి తల్లయినా ఆమే, వాడి పదేళ్లప్పటి నుంచీ పెంచింది ఈ అక్కే. కానీ మర్నాడు పొద్దున్నే లేచి నర్సరీ ముంగిట్లో చాపలు పరిచింది. తమ్ముడు తెచ్చిన కాయల్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కన్నీళ్లు పైటతో తుడుచుకుంటూ గంటగంటకూ తన చేత్తోనే తిరగేసింది. ఎనిమిది రోజులు నిండాక బూడిద కలిపి డబ్బాల్లో పోసింది. తర్వాత ఒక్కొక్కటీ లెక్కగా ట్రేలలో నాటింది.

తమ్ముడి భార్య రోజూ పొద్దున్నే వచ్చి ఆ ట్రేలకు నీళ్లు పోసేది. "ఇంకా రాలేదా వదినా?" అనేది. "వస్తాయే, తొందరేముంది" అనేది అక్క. ఆ పిల్ల మర్నాడు చీకటితోనే మళ్లీ వచ్చేది.

నలభై రోజులైనా మట్టి మట్టిగానే ఉంది. నర్సరీ చూసే ఆఫీసరమ్మ చిన్నపిల్ల, ఆమెకూ ఈ చెట్టు కొత్తే. విత్తనాల పరిశోధన కేంద్రం వాళ్లకు రాసి అడిగింది. జవాబు వచ్చిన రోజు ట్రేలోంచి ఒక గింజ తీసి బ్లేడుతో చీల్చింది. లోపల నల్లగా పొడిపొడిగా ఉంది.

"అక్కా, దీన్ని ఎండబెట్టకూడదట. కోసిన వారంలోపే తడి మీదే నాటెయ్యాలట. ఎండితే చచ్చిపోతుందట" అంది తల దించుకుని.

అక్క ట్రే ముందుకు జరిపింది. ఇంకో గింజ చీల్చమంది. ఇంకోటి. ఇంకోటి. ఇరవై చీల్చాక ఆఫీసరమ్మే బ్లేడు కింద పెట్టేసింది.

"ఎలుకలు కొట్టేశాయని చెబుదాం. పైవాళ్లకైనా, మీ మరదలికైనా. ఎలాగూ ఇంకో ఆరేళ్లదాకా కాయలు లేవు. జరిగిందేదో జరిగిపోయింది. ఆమెను ఇంకా ఏడిపించడం దేనికక్కా?"

అక్క సరేనంది. 'ఎలుకలు, ఎలుకలు' అని ఇంటికి వెళ్లే దారంతా అనుకుంటూనే ఉంది. తెల్లారి వచ్చేసరికి మరదలు అప్పటికే నీళ్ల డబ్బా పట్టుకుని మొదటి వరుస ముందు వంగి ఉంది. ఒక్కో గింజ దగ్గరా ఆగి, మట్టి చెదరకుండా పోస్తోంది. అది చూశాక అక్కకు అబద్ధం నోట్లోంచి రాలేదు.

"పొయ్యకే" అంది.

"ఏం వదినా?"

"చచ్చిపోయాయే. అన్నీ చచ్చిపోయాయి. నేనే చంపాను. తడిగా నాటాల్సినవాటిని ఎండబెట్టి చంపాను. వాడు ప్రాణం పెట్టి తెచ్చాడే, నేను..."

మరదలు డబ్బా కింద పెట్టింది. తిట్టలేదు, ఏడవలేదు.

"ఆయనకు తెలుసు వదినా" అంది.

"ఏం తెలుసు?"

"చెట్టెక్కిన రెండోరోజు అన్నం తింటూ చెప్పాడు. కోతలప్పుడు ఈ కాయలు బురదలో పడితే నాలుగు రోజులకే మొలిచేవట. ఎండలో పడ్డవి ఒక్కటీ లేచేది కాదట. అక్కేమో వీటినీ ఎండబెడతానంటోంది అన్నాడు. మరి వెళ్లి చెప్పొచ్చుగా అన్నాను."

"చెప్పలేదే! నాతో ఒక్క ముక్క అనలేదే!"

"'చెట్లు నరికినవాణ్ణి, మా అక్కకు నేను నేర్పేదేంటే? గింజ దగ్గర ఆవిడకు తెలియనిదంటూ ఉంటుందా' అని నవ్వేశాడు. నేనైనా చెప్పలేకపోయాను వదినా. ఆయనే పొరబడ్డాడేమోనని రోజూ వచ్చి చూశాను."

అక్క ట్రేల మధ్యనే కూలబడింది. మరదలు వచ్చి పక్కన కూర్చుంది. ఎంతో మెల్లగా అడిగింది.

"అయితే రేపట్నుంచి నేను రానక్కర్లేదుగా వదినా?"