ఇరవై ఒకటో పత్రం

వినాయక చవితి పూజలో దొరకని పత్రానికి బదులు అక్షతలు వేస్తే స్వామి నిజంగా స్వీకరిస్తాడా? పన్నెండేళ్లుగా ఈ సందేహం నన్ను వదల్లేదు. మా తేజశ్రీ పుట్టినప్పుడు ఇరవై ఒక్క పత్రాలూ లోటు లేకుండా సమర్పిస్తానని మొక్కుకున్నాను. మా గణపవరంలో ఇరవై దొరుకుతాయి. దేవదారు మాత్రం కొండచెట్టు. ఏటా ఆ పత్రం పేరు వచ్చేసరికి నా చెయ్యి దొంగలా అక్షతల పళ్లెంలోకి వెళ్తుంది.

ఈసారి చవితికి ముందురోజు గూడెం టౌన్లో తేజశ్రీ వాళ్ల స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టారు. మా పిల్ల డైనోసార్‌ని చేసింది. లోపల గడ్డి, చేపల మేత సంచులు, పైన బంకమట్టి. అసలు జంతువుది ఒక తొడ ఎముక, మూడు వెన్నుపూసలే దొరికాయట. దొరికిన వాటికి ఎర్ర రంగు వేసింది, ఊహించిన వాటికి సున్నం. చూడబోతే నాలుగు ఎర్ర మచ్చలు, మిగతాదంతా సున్నమే.

"తలే దొరకలేదంటున్నావు, ఆకులు తింటుందని ఎలా తెలుసమ్మా?" అన్నాను.

"దాని చుట్టాలందరూ శాకాహారులే నాన్నా. లేనిచోట సున్నం వేశాను. మీరు అక్షతలు వెయ్యట్లేదా?"

నాకు నవ్వాగలేదు.

డైనోసార్ ముందు పళ్లెంలో సైన్స్ మాస్టారు నెల్సన్ గారు ఒక ఎండు రెమ్మ పెట్టారు. ఆ కాలంలో ఇలాంటి సూదాకుల చెట్లే మేతట. సిమ్లాలో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు పంపాడట. చీటీ మీద 'దేవదారు' అని చదివేసరికి నా గుండె గంతులేసింది. మొక్కు సంగతి చెప్పి అడిగాను.

"జడ్జీలు చూసి వెళ్లాక తీసుకెళ్లండి. ఇన్నేళ్లు ఆగారు కదండీ," అన్నారాయన.

భోజనం చేసి వచ్చేసరికి కొంప మునిగింది. డైనోసార్‌కి గుండ్రటి బొజ్జ, ముందుకు వంగిన పొడుగు మెడ. పూజసామాన్లు కొనుక్కుని బజారు నుంచి నేరుగా వచ్చిన తల్లులు అది వినాయకుడేననుకుని తలో గుప్పెడు గరిక వేసి దణ్ణం పెట్టారు. ఒకావిడ గుంజీలు కూడా తీసిందట. పళ్లెం కనబడనే లేదు. తేజశ్రీ, నెల్సన్ గారు, నేను మోకాళ్ల మీద కూర్చుని గరికంతా తిరగేశాం. ఈలోగా జడ్జీలు వచ్చి, మేత పుష్కలంగా ఉందని రాసుకుని వెళ్లారు. చివరికి తేజశ్రీ తలెత్తి చూసి పగలబడి నవ్వింది. ఏ భక్తురాలో రెమ్మను తీసి డైనోసార్ నోట్లోనే పెట్టేసింది.

ఇంటికి తెస్తే, జరిగింది విని మా ఆవిడ లక్ష్మీదుర్గ గుమ్మంలోనే ఆపింది.

"దాని నోట్లో పెట్టింది ఎంగిలి కాదటండీ?"

"నోరే దొరకని జంతువుకి ఎంగిలేమిటే," అన్నాను.

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వి, రెమ్మ మీద పసుపునీళ్లు చల్లి లోపలికి రానిచ్చింది.

మర్నాడు పూజలో ఆ పేరు వచ్చింది. అలవాటు కొద్దీ నా చెయ్యి అక్షతల వైపే వెళ్లింది. తేజశ్రీ మోచేత్తో పొడిచింది.

"దేవదారుపత్రం పూజయామి," అని రెమ్మను స్వామి పాదాల దగ్గర పెట్టాను.